మందుల స్టోరు నడిపేవారికి నాయకత్వ శిక్షణ: జిల్లాలో నిర్వహించే పద్ధతి

ప్రభుత్వ వైద్యంలో మందులు, టీకాలు, పరీక్ష కిట్ల సరఫరా చూసే సిబ్బందికి మనం ఇచ్చే శిక్షణ చాలావరకు సాఫ్ట్‌వేర్ ఎంట్రీలతో మొదలై రిజిస్టర్లతో ముగుస్తుంది. అది అవసరమే, కానీ దానితో మందుల కొరత తీరదని ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో స్టోర్ల మధ్య తిరిగిన అనుభవంతో నేను చెప్పగలను. ఒక ఎండాకాలంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు మాత్రలు అయిపోయి పదిహేను రోజులైంది. అక్కడికి అరగంట ప్రయాణ దూరంలో ఉన్న మరో కేంద్రంలో అవే మాత్రలు రెండు అట్టపెట్టెల నిండా, మూడు నెలల్లో గడువు తీరబోతూ, రాక్ కింది అరలో ఉన్నాయి. ఇద్దరు ఫార్మసిస్టులకూ మందుల నిల్వ లెక్క చూసే ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు చేయడం బాగా వచ్చు. ముందు గడువు తీరేదాన్ని ముందు ఇవ్వాలన్న నియమమూ తెలుసు. ఎందుకు మాట్లాడుకోలేదని అడిగినప్పుడు ఒకరు, “మనం అడిగితే ఏమనుకుంటరో అని ఊకున్న సార్” అన్నారు. రెండో వ్యక్తి, “నా దగ్గర ఎక్కువున్నయని చెప్తే, ఎందుకు ఎక్కువ తెచ్చుకున్నవని నన్నే అడుగుతరు” అన్నారు. ఆ కేంద్రంలో రోగులు ఉత్త చేతులతో తిరిగి వెళ్లడానికి కారణం ఈ రెండు మాటల్లోనే ఉంది.

సరఫరా చూసే మనిషికి ఆజ్ఞాపించే అధికారం దాదాపు ఉండదు. మెడికల్ ఆఫీసరు అతని పై అధికారి, ఏఎన్ఎం అతని కింద పనిచేసే వ్యక్తి కాదు, సెంట్రల్ మెడిసిన్ స్టోరు వేరే సంస్థ కిందిది, వాహనం డ్రైవరు ఇంకొకరి మాట వింటాడు. అయినా వీళ్లంతా కదిలితేనే మందు రోగి చేతికి చేరుతుంది. అందుచేత ఈ రంగంలో నాయకత్వ శిక్షణ అంటే వేదికమీద మాట్లాడటం నేర్పడం కాదు. అధికారం లేని మనిషి తన దగ్గరున్న లెక్కతో, సూటి మాటతో, నమ్మకంతో పదిమందిని కదిలించేలా తయారు చేయడం. ఈ ఆలోచన ప్రపంచంలో ఇతర చోట్ల కూడా నిలదొక్కుకుంది. ఆరోగ్య సరఫరా సిబ్బంది కోసం 2011లో ఏర్పడిన పీపుల్ దట్ డెలివర్ అనే అంతర్జాతీయ కూటమి నడిపే స్టెప్ శిక్షణలో సొంతంగా చదువుకోవడం, ముఖాముఖి తరగతులు, ఆపైన పనిచేసే చోటే ఒక సమస్యను ఎంచుకుని మార్గదర్శి తోడుతో పరిష్కరించడం అనే అంచెలు ఉన్నాయి. మన జిల్లాలకు ఆ చివరి అంచె అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. కింద చెప్పే పద్ధతి దానిచుట్టూ అల్లినదే.

ఎవరిని పిలవాలి

ఇరవై నుంచి ఇరవై నాలుగు మందికి మించకూడదు. మందులు ఒక దారిలో, టీకాలు మరో దారిలో వస్తాయి. మందులు రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ నుంచి సెంట్రల్ మెడిసిన్ స్టోరుకు, అక్కడినుంచి ఆసుపత్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, అటుపైన సబ్‌సెంటర్లకు, పల్లె దవాఖానాలకు చేరుతాయి. టీకాలు జిల్లా వ్యాక్సిన్ స్టోరు మీదుగా శీతల గొలుసులో (కోల్డ్ చైన్), అంటే దారి పొడవునా చల్లగా ఉంచే ఏర్పాటులో వస్తాయి. ఈ రెండు దారులవారూ ఒకే గదిలో కూర్చోవడం చాలా అరుదు. అందుకే ఫార్మసిస్టులతోపాటు కోల్డ్ చైన్ చూసేవారిని, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారి కార్యాలయం నుంచి ఒకరిని, కనీసం ఇద్దరు మెడికల్ ఆఫీసర్లను కూర్చోబెట్టాలి. సరఫరా వాహనం డ్రైవర్లను ఒక పూటకైనా పిలవమని గట్టిగా కోరుతున్నాను. ఏ రోడ్డు ఏ వానకు తెగుతుందో, ఏ కేంద్రంలో మధ్యాహ్నం రెండు దాటితే పెట్టెలు దించుకునే మనిషి ఉండడో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

జిల్లా సరిహద్దులు చూసుకుని పిలవడం మరో పొరపాటు. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, 2019లో నారాయణపేట కూడా ఏర్పడిన తర్వాత ఉమ్మడి మహబూబ్‌నగర్ ఐదు జిల్లాలైంది, ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. డిండి నల్లగొండ జిల్లాలో ఉంది. అక్కడివారికి నల్లగొండ పట్టణం కంటే నాగర్‌కర్నూల్ జిల్లాలోని అచ్చంపేట చాలా దగ్గర. ఆపద వేళ పొరుగు స్టోరు నుంచి మందు తెచ్చుకోవాలంటే ముందు ఆ పొరుగు మనిషి ముఖం తెలిసి ఉండాలి. కాబట్టి సరిహద్దు మండలాల వారిని రెండు వైపుల నుంచీ పిలిచి, పక్కపక్కన కూర్చోబెట్టాలి.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి

పది మందులకు సంబంధించి గత ఆరు నెలల వాడకం లెక్కను ప్రతి ఒక్కరూ కాగితంమీద రాసుకుని రావాలి. నేను సాధారణంగా షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్, బీపీకి ఇచ్చే అమ్లోడిపిన్, పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, జింక్, ఐరన్-ఫోలిక్ యాసిడ్, కాన్పుల వేళ వాడే ఆక్సిటోసిన్, మెగ్నీషియం సల్ఫేట్, కుక్కకాటు టీకా, పాముకాటు మందు ఎంచుకుంటాను. ప్రతి నెల ఎన్ని ఇచ్చారో రాయడంతోపాటు, ఆ నెలలో ఎన్ని రోజులు స్టాకు నిల్ ఉందో కూడా రాయాలి. ఈ రెండో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. దాన్ని నింపకుండా వచ్చినవారిని మొదటిరోజు ఉదయమే ఫోను చేసి తెప్పించుకోమనాలి. ఎందుకంటే తరగతి అంతా ఆ గడిమీదే నడుస్తుంది.

మొదటిరోజు: లెక్కతో మొదలు

ఉపన్యాసాలు, దీప ప్రజ్వలనలు పావుగంటలో ముగించి, బోర్డుమీద ఒక లెక్క వేయాలి. ఒక కేంద్రంలో ఆరు నెలల్లో 24,000 మెట్‌ఫార్మిన్ మాత్రలు ఇచ్చారనుకుందాం. నెలకు ఎంత అని అడిగితే గదిలో ఎక్కువమంది 4,000 అంటారు. ఆ ఆరు నెలల్లో రెండు నెలలు అసలు మందే లేదని అప్పుడు చెప్పాలి. మందు ఉన్నది నాలుగు నెలలే కాబట్టి అసలు అవసరం నెలకు 6,000. మూడు నెలలకు ఒకసారి ఇండెంట్ (ఇన్ని మందులు కావాలని స్టోరుకు పంపే పత్రం) పెట్టే చోట, ఒక నెల నిల్వ అదనంగా ఉంచుకోవాలనుకుంటే, నాలుగు నెలలకు 24,000 కావాలి. చేతిలో 5,000 ఉంటే 19,000కు ఇండెంట్ పెట్టాలి. తప్పు సగటు పట్టుకున్న వ్యక్తి 16,000లో 5,000 తీసేసి 11,000కే పెడతాడు. తేడా 8,000 మాత్రలు. రోజుకు రెండు మాత్రలు వేసుకునే రోగికి నెలకు 60 కావాలి కాబట్టి, అది సుమారు 133 మందికి ఒక నెల మందు. ఈ అంకె బోర్డుమీద పడ్డాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఒకసారి కొరత వస్తే, ఆ కొరత వాడకం లెక్కను తగ్గిస్తుంది, తగ్గిన లెక్క ఇండెంటును తగ్గిస్తుంది, తగ్గిన ఇండెంటు మళ్లీ కొరత తెస్తుంది. వెంటనే ఎవరి కాగితాలు వారు తీసి ఇదే లెక్క తమ మందులకు వేసుకోవాలి. దీనికి రెండు గంటలు ఇవ్వండి.

సగటు పనికిరాని చోటు కూడా అదే రోజు చూపించాలి. పాముకాటు మందు నెలకు సగటున రెండు వయల్స్ (చిన్న సీసాలు) వాడుతున్నామని ఒక ఫార్మసిస్టు రాసుకొస్తాడు. ఆ లెక్కన నాలుగు నెలలకు ఎనిమిది చాలు. విషం ఎక్కిన మనిషికి మొదటి విడతలోనే పది వయల్స్ దాకా ఎక్కించాల్సి వస్తుంది. కాబట్టి ఎనిమిది ఉన్న స్టోరు ఒక్క రోగికి కూడా సరిపోదు. వరి నాట్లు, పత్తి చేనుల్లో కలుపు మొదలయ్యే వానాకాలానికి ముందే ఎన్ని ఉన్నాయో చూసుకోవాలి. నెలల తరబడి కదలకపోయినా ఇలాంటి మందు నిల్ కాకూడదని, అది కదలడం లేదన్న కారణంతో ఎవరైనా తగ్గించమంటే ఒప్పించగలగాలని చెప్పాలి. నాయకత్వం అన్నమాట ఇక్కడ మొదటిసారి వాడితే వాళ్లకు సరిగా అర్థమవుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మరో సంగతి వలస. పాలమూరు నుంచి పనులకోసం ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లిన కుటుంబాలు పండుగలకు ఊరికి వచ్చినప్పుడు బీపీ, షుగరు మాత్రలు రెండు మూడు నెలలకు సరిపడా అడుగుతారు. ఆ నెలలో వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది, తర్వాతి నెల పడిపోతుంది. ఈ ఎగుడుదిగుడును ముందుగా చూడగలిగినవారు ఆశ కార్యకర్తలే. వారినుంచి ఈ సమాచారం నెలకోసారి తెచ్చుకునే ఏర్పాటు ప్రతి ఫార్మసిస్టూ చేసుకోవాలి.

అడగడం నేర్పాలి

మధ్యాహ్నం ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు కేంద్రం ఫార్మసిస్టుగా, మరొకరు సెంట్రల్ మెడిసిన్ స్టోరు అధికారిగా ఫోను మాట్లాడించాలి. మొదటిసారి దాదాపు అందరూ ఇలాగే మాట్లాడతారు: “సార్ నమస్తే, మా దగ్గర మందులు అయిపోయినయి సార్, జర చూడండి సార్.” ఈ మాటకు అవతలివారు చేయగలిగింది ఏమీ లేదు. ఏ మందు, ఎంత, ఎప్పటికి అన్నది అందులో లేదు. రెండోసారి కాగితం ముందు పెట్టుకుని మాట్లాడమనాలి. ఆ రోజు సోమవారం ఉదయం అనుకుని ఒకామె మాట్లాడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది: “సార్ నమస్తే. మెట్‌ఫార్మిన్ నా దగ్గర 900 ఉన్నయి. రోజుకు 230 దాకా పోతున్నయి. గురువారం దాకనే వస్తయి. బుధవారం మీ బండి మా పక్క మండలానికి వస్తుందని డ్రైవరన్న చెప్పిండు. అందులో 7,000 పెడితే ఆడికి నేనే మనిషిని పంపి తెప్పించుకుంట. ఇండెంట్ నంబరు చెప్పమంటరా?” అవతలి కుర్చీలో ఉన్నవారు, అంటే నిజంగానే స్టోరులో పనిచేసే మనిషి, “ఇట్ల అడిగితే నేను కాదనలేను మేడం” అన్నారు. ఉన్నది, పోతున్నది, ఎప్పటికి అయిపోతుందన్నది, దారి, తాను చేయబోయే పని అనే ఐదు సంగతులు అందులో ఉన్నాయి. అందరూ ఈ ఐదింటితో మూడుసార్లయినా మాట్లాడేదాకా ఈ అభ్యాసం ఆపకూడదు.

తర్వాత కష్టమైన సంభాషణలు. అవసరానికి మించి ఒకే యాంటిబయాటిక్ రాసే మెడికల్ ఆఫీసరుతో ఫార్మసిస్టు మాట్లాడాలి. ఇక్కడ గౌరవం తగ్గకూడదు, సంగతి దాచకూడదు. నెలాఖరున వాడకం కాగితాన్ని డాక్టరుగారి టేబుల్‌మీద పెట్టి, “సార్, ఇది ఈ లెక్కన పోతే ఇరవై రోజుల్లో నిల్ అవుతుంది, మీరు ఏం చెప్తే అట్ల చేద్దాం” అనడం నేర్పాలి. వచ్చిన మెడికల్ ఆఫీసర్లను ఇక్కడ వారి పాత్రలోనే కూర్చోబెడితే, సాధారణంగా వారే ఆ రోజు ఎక్కువ నేర్చుకుంటారు.

గడువు తీరిన మందుల గురించి

రెండోరోజు ఉదయం అధికారులెవరూ లేకుండా నడపాలి. ప్రతి ఒక్కరికీ ఒక చీటీ ఇచ్చి, తమ దగ్గర గడువు తీరిన లేదా తీరబోతున్న ఒక మందు, దాన్ని ఎవరికీ చెప్పకపోవడానికి కారణం పేరు లేకుండా రాయమనాలి. చీటీలు కలిపి చదవాలి. దాదాపు అన్నిటిలోనూ ఒకే కారణం ఉంటుంది: రికవరీ పెడతారేమో (జీతంలో కోస్తారేమో), మెమో ఇస్తారేమో అన్న భయం.

ఈ చర్చను శిక్షకుడు తన తప్పుతో మొదలుపెట్టకపోతే ఎవరూ నోరు విప్పరు. నేను చెప్పేది ఇది. స్టోరులో పనిచేసిన తొలిరోజుల్లో కొత్తగా వచ్చిన పెట్టెలను ముందు పేర్చడంవల్ల గోడవైపు ఉన్న రెండు పెట్టెల ఓఆర్‌ఎస్ గడువు దాటిపోయింది. ఆ సంగతి నేను నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి తనిఖీలో బయటపడినప్పుడు, అప్పటి పై అధికారి పదిమందిలో నిలబెట్టి కేకలు వేశారు. ఆ తర్వాత ఆ కార్యాలయం కింద ఉన్న ఏ స్టోరు నుంచీ గడువు గురించి ముందుగా కబురు రాలేదు. మందులు పాడవడం ఆగలేదు, కబురు రావడం ఒక్కటే ఆగిపోయింది. ఆ ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఆరు నెలల ముందే పక్క కేంద్రాలకు పంపి ఉంటే ఎండాకాలం వాంతులు విరేచనాలతో వచ్చిన పిల్లలకు ఉపయోగపడేవన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఈ తరగతి చివర ఒక ఒప్పందం రాయించాలి. ఆరు నెలల్లో గడువు తీరబోయే మందుల జాబితాను ప్రతి నెల మొదటివారంలో అందరూ తమ గ్రూపులో పెట్టాలి. అది పెట్టినవారిని ఎందుకు మిగిలిందని ఎవరూ అడగకూడదు, ఎవరికి కావాలన్నదే అడగాలి. మార్పిడికి అనుమతి ఎవరు ఇస్తారో, ఈ-ఔషధిలో దాన్ని ఎలా చూపాలో మధ్యాహ్నం జిల్లా అధికారి వచ్చినప్పుడు ఆయన నోటితోనే చెప్పించి, ఒక కాగితంమీద సంతకం తీసుకోవాలి. ఈ సంతకం లేకుండా తరగతి ముగించవద్దు.

చలి గొలుసు: ఐదు నిమిషాలు ఆపగలగాలి

మన ఎండలు చూసినవారికి టీకా వేడికి పాడవుతుందన్న భయం సహజంగానే ఉంటుంది. గడ్డకట్టి పాడవుతుందన్న భయం అంతగా ఉండదు. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య జాగ్రత్తగా ఉన్న పెంటావాలెంట్ (పిల్లలకు ఐదు జబ్బులకు కలిపి వేసే) టీకా, డీప్ ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐస్ ప్యాకుల మధ్య క్యారియర్‌లో, అంటే టీకాలు మోసుకెళ్లే పెట్టెలో, గడ్డకట్టవచ్చు. గడ్డకట్టిన తర్వాత కరిగితే చూడటానికి మామూలుగానే కనిపిస్తుంది కానీ పనిచేయదు. వయల్ మీద ఉండే రంగు గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది. చలికి పాడైన సంగతి అది చెప్పదు.

కాబట్టి ఒక ఐస్ ప్యాకును తరగతికి తెప్పించి బల్లమీద పెట్టండి. మొదట దానిమీద తెల్లటి పొగమంచు పొర ఉంటుంది. కొంతసేపటికి అది పోయి చెమట పడుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. అప్పుడే దాన్ని క్యారియర్‌లో పెట్టాలి. అందరూ చేత్తో పట్టుకుని ఊపాలి. ఆ తర్వాత బుధవారం, శనివారం టీకాల రోజు ఉదయాన్ని నటించి చూపించాలి. బస్సు తప్పిపోతుందని తొందరపడుతున్న ఏఎన్ఎంతో కోల్డ్ చైన్ చూసే వ్యక్తి, “సిస్టర్, ఇంక నీళ్ల చప్పుడు రాలే, జర ఆగండి” అని నిలబడి చెప్పగలగాలి. ఆమె విసుక్కుంటే తొణకకూడదు. ఇంకా మంచి పద్ధతి, ఐస్ ప్యాకులను ఆమె రావడానికి ముందే బయట పెట్టి ఉంచడం. అది ఎవరి పని, ఎన్ని గంటలకు అన్నది గోడమీద రాసి ఉంచాలి.

మన ఊళ్లతో అభ్యాసాలు

రెండోరోజు చివరి రెండు గంటలు బృందాలుగా చేయించడానికి వేరే దేశాల ఉదాహరణలు అక్కర్లేదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర, కార్తీకంలో కురుమూర్తి జాతర, నల్లమలలో సలేశ్వరం యాత్ర మన దగ్గరే ఉన్నాయి. వైద్య శిబిరానికి ఏ మందు ఎంత, ఏ కేంద్రం నుంచి, మిగిలింది ఎలా వాపసు అన్నది రాయించాలి. సలేశ్వరం తీసుకున్న బృందానికి దారి ఎంతవరకు వాహనం వెళుతుంది, ఆపైన ఎవరు మోస్తారు అన్న ప్రశ్న తప్పదు. మరో బృందానికి 2009 అక్టోబరు ఇవ్వండి. కృష్ణా, తుంగభద్రలు పొంగి అలంపూర్ ప్రాంతం నీటమునిగిన ఆ రోజుల్లో రోడ్డు మూసుకుపోతే, పడవలో ఒక్క పెట్టెకే చోటుంటే అందులో ఏం పెడతారో నిర్ణయించి సమర్థించుకోవాలి. జవాబు ఒక్కటే ఉండదు. ఎవరు ఎవరి మాట విన్నారు, ఎవరు ఒక్కరే నిర్ణయించారు అన్నది శిక్షకుడు గమనించి చెప్పాలి.

ఆ తర్వాత మూడు నెలలు

రెండు రోజుల తరగతి నాందే. వెళ్లేముందు ప్రతి ఒక్కరూ తమ చోట పరిష్కరించబోయే ఒక్క సమస్యను ఒక వాక్యంలో రాయాలి. “సరఫరా మెరుగుపరుస్తాను” అన్నది ఒప్పుకోవద్దు. “మా కింది ఆరు సబ్‌సెంటర్లలో ఐరన్ మాత్రలు ఏ రోజూ నిల్ కాకుండా చూస్తాను” అన్నది ఒప్పుకోవచ్చు. శిక్షకులు నెలకోసారి స్టోరుకు వెళ్లాలి, ఫోనుతో సరిపెట్టవద్దు. వెళ్లినప్పుడు పది మందుల్లో మూడింటిని రాక్ దగ్గర నిలబడి ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, కంప్యూటర్‌లోని అంకెతో పోల్చాలి. తేడా ఉంటే, ఎలా వచ్చిందో ఆ మనిషి చెప్పేదాకా ఓపికగా వినాలి. నేరుగా పరిష్కారం చెప్పేయాలని మనసు లాగుతుంది. చెప్పవద్దు. “ఇప్పుడు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారు?” అని మాత్రం అడగండి.

శిక్షణ ఫలించిందా అన్నది చివరి పరీక్ష మార్కులతో తేలదు. పది మందులు నిల్ ఉన్న రోజులెన్ని, రాక్ లెక్కకూ కంప్యూటర్ లెక్కకూ తేడా ఎంత, పొరుగు కేంద్రాలతో ఎన్ని మార్పిడులు జరిగాయి అన్న మూడు అంకెలు శిక్షణకు ముందు, మూడు నెలల తర్వాత పక్కపక్కన రాస్తే చాలు. మార్పిడుల అంకె సున్నాగానే ఉంటే, మిగతావి బాగున్నా ఆ బృందాన్ని మళ్లీ కూర్చోబెట్టాలి.

చివరి సమావేశంలో ఒక పని తప్పక చేయించాలి. మన దగ్గర బదిలీలు తరచూ జరుగుతాయి, నేర్చుకున్న మనిషి వెళ్లిపోగానే స్టోరు మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ప్రతి ఒక్కరూ తమ తర్వాత వచ్చేవారికోసం రెండు పేజీలు తెలుగులో, చేతిరాతతో రాయాలి: ఏ మందు ఏ నెలలో ఎక్కువ పోతుంది, ఏ సబ్‌సెంటరుకు దారి ఎప్పుడు మూసుకుంటుంది, అత్యవసరంలో ఏ పొరుగు స్టోరును అడగాలి, కరెంటు పోతే జనరేటరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది. ఒక కాపీ ఇండెంట్ ఫైలు మొదటి పేజీగా పెట్టి, మరొకటి స్టోరు తలుపు లోపలివైపు అంటించాలి.